రోజుల లెక్క కాదు

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో గుమాస్తాగా పనిచేసే మా తమ్ముడు భార్యతో విడిపోయాడు. పాప వారంలో మూడు రోజులు మా ఇంట, నాలుగు రోజులు తల్లి వద్ద. "సగం రోజులు నేనే సాకుతున్నాను, ఇంకా భరణమెందుకు అక్కా?" అన్నాడు. నేనూ తలూపాను.

వకీలు గారు మా లెక్క సరిదిద్దారు. న్యాయస్థానం రోజులను మాత్రమే చూడదు. బిడ్డ అవసరాలను, ఇరువురి ఆదాయాన్ని తూచి చూస్తుంది. అందుకే ఇద్దరూ ఆస్తి, ఆదాయ వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020లో నిర్దేశించింది. విడాకుల తర్వాత కూడా ముస్లిం తండ్రి తన పిల్లలను పోషించవలసిందేనని 1997లోనే తీర్పునిచ్చింది.

అన్నం రెండిళ్లలోనూ వండుతాం. బడి ఫీజు మాత్రం కుట్టుమిషనుపై బతికే తల్లి ఒక్కతే కడుతోంది.

ఆ రాత్రి బఖరా సూరా 233వ ఆయతు చదివాను. అన్నవస్త్రాల భారం తండ్రిదనీ, బిడ్డ కారణంగా తల్లికి గానీ తండ్రికి గానీ కష్టం కలగరాదనీ అల్లాహ్ ఆదేశం. తలూపినందుకు సిగ్గుపడ్డాను. మరునాడు ఆ పుటను తమ్ముడి ముందు తెరిచి ఉంచాను.