అమాస్యాలో ఆపిల్ కాలం

అంకారా నుంచి ఈశాన్యంగా నాలుగైదు గంటలు బస్సులో ప్రయాణిస్తే అమాస్యా వస్తుంది. ఊరి నడుమ యెషిల్ ఇర్మాక్ నది పారుతుంది. ఆ పేరుకు ‘పచ్చని ఏరు’ అని అర్థం. ఒక ఒడ్డున నిట్టనిలువు కొండ. దానిలో పొంటస్ రాజులు తొలిపించుకున్న సమాధి గుహలు. వాటి కింద, నీటి అంచునే, ఉస్మానీ తుర్కుల కాలపు చెక్క ఇండ్లు.

మేము నలుగురు ఉపాధ్యాయులం అక్కడికి వెళ్లింది మదర్సాలు చూడటానికి. 1488లో కట్టిన ఎనిమిది మూలల మదర్సాను చూశాం. 1486 నాటి సుల్తాన్ బాయజీద్ మస్జిదులో నమాజు చేశాం. సుల్తాను కాకమునుపు ఆయన ఈ ఊరికే పాలకుడు. ఆయనకు లిపి నేర్పిన షేక్ హమ్దుల్లాహ్‌ది కూడా ఈ ఊరే. వాటిని గురించి వేరుగా వ్రాయవలసినంత ఉన్నది. కాని ఇంటికి తిరిగి వచ్చాక మేము ఎక్కువగా తలచుకున్నది ఒక వంటగదిని.

అది అక్టోబరు. అంగళ్ల ముందు ఆపిల్ బుట్టలు వరుసలు తీరి ఉన్నాయి. ఎక్కువ భాగం స్టార్కింగ్, గోల్డెన్ రకాలే. అమాస్యాకు పేరు తెచ్చిన మిస్కెత్ ఆపిల్ వేరు. చిన్న కాయ, పలుచని తోలు. ఒక చెంప ఎరుపు, మరో చెంప లేత పసుపు. గదిలో నాలుగు ఉంచితే చాలు, గది అంతా పరిమళం. ఈ చెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అంతంతమాత్రమే. ఏటేటా కాపు ఆశించే రైతు ఇటువంటి చెట్టును ఎంతకాలమని నమ్ముకుంటాడు?

మాలో ఒకరికి పరిచయస్థుడైన స్థానిక ఉపాధ్యాయుడు అసర్ తరువాత మమ్మల్ని తన తల్లిగారింటికి తీసుకుపోయాడు. అక్కడివారు పెద్దావిడను ‘తెయ్‌జె’ అంటారు, మన ఖాలా అన్నట్లే. టీతో పాటు ఆమె పళ్లెం నిండా ‘ఎల్మలి కురాబియె’ పెట్టారు: ఆపిల్ కూరిన చిన్న చిన్న చుట్టలు, ఒక్కొక్కటి ఒక్క నోటికి సరిపోయేంత, పైన మంచులా చక్కెర పొడి.

దేనితో చేశారని అడిగాం. కుమారుడు అనువదిస్తూ వెన్న, పెరుగు అంటూ చెబుతూ ‘వనిల్లా’ అన్నాడు. మా చేతులు ఆగాయి. వనిల్లా ద్రవంలో మద్యసారం ఉంటుంది కదా అని ప్రశ్న. మాలో ఎవరు అడిగామన్నది అప్రస్తుతం, అడిగింది మేమే. ఆమె ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లి, చెత్తబుట్టలోంచి కాబోలు, చించిన ఒక పొట్లం తెచ్చి మా ముందు ఉంచారు. అయిదు గ్రాముల పొట్లం. చక్కెర కలిపిన వనిలిన్ పొడి. అందులో ద్రవమన్నదే లేదు.

తల వంచుకొని తిన్నాం. పైపొర మన నాన్‌ఖతాయిలా నోట్లో విరిగిపోయింది. లోపల పులుపు తీపి కలిసిన ఆపిల్, అఖ్రోట్ పలుకులు, దాల్చిన. దాల్చినను వారు ‘తార్చిన్’ అంటారు. మన మాటా వారి మాటా తోబుట్టువులే. ‘ఆఫియెత్ ఒల్సున్’ అన్నారామె. ఆఫియత్ కలుగుగాక అని మేలు కోరే ఆ మాటకు మాకు అనువాదం అవసరం కాలేదు. అనువాదం అవసరమైన సంగతి మరొకటి వచ్చే ముందు తెలిసింది. పెరటిలో మిగిలిన మిస్కెత్ చెట్టు ఒక్కటే. అది కాపు తప్పిన ఏడు. కాసిన ఆ కొద్ది కాయలనూ ఆమె ఆ రోజే తురిమారు.

వంట తీరు అడిగితే ఆమె సంతోషించారు. నాలుగయిదు ఆపిళ్లు తురిమి, కొంచెం చక్కెరతో నీరంతా ఇగిరేదాకా ఉడికించి, దాల్చిన పొడి, దంచిన అఖ్రోట్ కలపాలి. ఇది పూర్తిగా చల్లారనిదే పిండిలో పెట్టరాదు. పెడితే వెన్న కరిగి చుట్ట విడిపోతుంది. పిండికి పావు కిలో వెన్న, చిన్న టీ గ్లాసు పెరుగు, మరో గ్లాసు నూనె, కొంత చక్కెర పొడి, ఒక పొట్లం బేకింగ్ పౌడరు. మైదా ఎంత? దానికి కొలత లేదు. ‘చెవి తమ్మె అంత మెత్తగా’ వచ్చేదాకా అన్నారు. అక్కడ అందరూ అలాగే చెబుతారట. 180 డిగ్రీల వేడిలో సుమారు 25 నిమిషాలు; అడుగు ఎర్రబడాలి, పైభాగం తెల్లగానే ఉండాలి.

కర్నూలులో మా ఇంట ఓవెన్ లేదు. రంజాన్‌కు నాన్‌ఖతాయి తట్టలను పంపే బట్టీకే వీటినీ పంపాం. మొదటిసారి పైభాగమూ ఎర్రబడింది. బజారు ఆపిల్ మరీ తియ్యగా ఉండటంతో రెండవసారి నిమ్మరసం పిండాం, అది మేలు. వనిల్లా మాత్రం పొడే తెప్పించాం, ఈసారి ఎవరినీ ప్రశ్నించకుండా.

పిండి కలుపుతూ మా ఇంటావిడ ఒక చేత్తో తన కమ్మ కింద తమ్మెను పట్టి చూసుకొని, “ఆ ఖాలా వయసెంత? ఆమె చెవి మెత్తనా, నా చెవి మెత్తనా?” అని అడిగింది.