ఆచారం - అంగీకారం

ఆచారం పెద్దలు ఇచ్చే ఆస్తి వంటిది. ఆస్తిని వద్దనే హక్కు వారసునికి ఉంటుంది. మొక్కులనూ మేనరికాన్నీ వద్దనే హక్కు మాత్రం పిల్లలకు సులభంగా దక్కదు.

ఒంగోలు ప్రాంతంలో పత్తి తీతలు, మిరప కోతలు ముగిశాక వేసవిలో పెళ్ళిమాటలు సాగుతాయి. "మేనమామ ఉండగా బయటి సంబంధం ఎందుకు?" అంటుంది అమ్మమ్మ. ఇంటర్మీడియట్ చదివే మనుమరాలిని ఎవరూ అడగరు. ఆమె మౌనమే అంగీకారంగా చెల్లిపోతుంది. అక్కకు ఇచ్చిన మాట తమ్మునికీ బంధమవుతుంది. ఆస్తి చీలిపోతుందనీ, నలుగురూ నవ్వుతారనీ పెద్దల భయం.

ఆ నలుగురికి వెరవని తల్లి ఒకామె ఈ ఒంగోలులోనే ఉండేది. ఆమె టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మ. భర్త మరణించిన పిదప బిడ్డల చదువుకోసం పూటకూళ్ళ ఇల్లు నడిపింది. లోకం చులకనగా చూసే ఆ వృత్తిని ఆమె చిన్నతనంగా భావించలేదు. సముద్రయానం నిషిద్ధమని ఛాందసులు నమ్మే రోజులలో, 1904లో, ఆ కుమారుడు బారిష్టరు చదువుకు ఇంగ్లండు వెళ్ళాడు.

చట్టమూ క్రమంగా మారింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల వివాహ వయస్సును 14 ఏళ్ళుగా నిర్ణయించింది. 1978 సవరణ దానిని 18కి పెంచింది. 2006 చట్టం ప్రకారం, బాల్యంలో జరిగిన పెళ్ళిని రద్దు చేయమని ఆ బాలికే కోర్టును కోరవచ్చు. అయితే చట్టం వయస్సును చూస్తుంది. మనస్సును ఇంటివారే చూడాలి.

పెద్దలను గౌరవించడానికి నోరు మూసుకోనక్కరలేదు. బిడ్డ ఇష్టమెరిగి చేసిన వేడుకలోనే అక్షతలు ఆశీస్సులవుతాయి.