ఎక్స్‌రేలో కనబడని నొప్పి

కొడంగల్ ప్రాంతంలో కంది చేలల్లో కూలికి వెళ్లే ఒకామె మూడేళ్లు నడుంనొప్పితో నా దగ్గరకు తిరిగింది. ఎక్స్‌రే చూసి "ఏమీ లేదమ్మా" అన్నాను. "గట్లయితే నేను అబద్ధం చెప్తున్ననా సారూ?" అంది. సిగ్గుపడ్డాను. నిద్ర సంగతి అప్పుడడిగాను. భర్త పోయినప్పట్నుంచీ లేదట!

నొప్పి 3 నెలలు దాటితే, గాయం మానినా నరాలూ మెదడూ దాన్ని పెంచి చూపవచ్చు. దిగులు, నిద్రలేమి దానికి తోడవుతాయి. కనుక మనసు వైద్యుడి దగ్గరకు వెళ్లమంటే మీకు పిచ్చి అని కాదు, మీ నొప్పి అబద్ధమనీ కాదు.

సైకియాట్రిస్టు మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, అభ్యాసాలతో నొప్పిని తట్టుకోవడం నేర్పుతారు. "దీర్ఘకాలం నొప్పి ఉన్నవారిని చూశారా? ఎన్నిసార్లు రావాలి?" అని ముందే అడగండి. వారితో మనసు విప్పలేకపోతే మరొకరిని చూడండి, తప్పులేదు.

ఎవరూ దొరక్కపోతే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలిమానస్ ఇది. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. చావు ఆలోచన వస్తే ఆ రోజే చేయండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా ముందు ఆస్పత్రికి పరుగెత్తండి.

ఆమెకు నొప్పి పూర్తిగా పోలేదు. కానీ నిద్రపడుతోంది, పనికి వెళుతోంది.