వైరు పీకేయకండి



ఈ వారం కారు అలారం గురించి రాయాల్సి వస్తోంది. మన సంఘంలో ఒక సహోదరుడు సెకండ్ హ్యాండ్ కారు కొని, దానికి అలారం, రిమోట్ స్టార్టర్ రెండూ బయట బిగించుకున్నాడు. పదిహేను రోజులుగా అది నడిరాత్రి ఊరికే అరుస్తోంది. మొదట్లో వీధంతా లేచి చూసేది, ఇప్పుడు ఎవరూ లేవడం లేదు. పక్కింట్లో పక్షవాతంతో మంచాన పడిన పెద్దాయనకు మాత్రం కన్ను మూతపడదు. ఆయన భార్య ఆదివారం ఆరాధన అయినాక వచ్చి, "అయ్యగారూ, నేను అడిగితే కొట్లాట అవుతాది, మీరే ఒక మాట చెప్పండి" అని కండ్లనీళ్లు పెట్టుకుంది. సహోదరుడికి చెబితే, "వైరు పీకేస్తా అయ్యగారూ, పీడా పోతాది" అన్నాడు.

పీకొద్దన్నాను. మరునాడు కార్లకు వైరింగ్ పని చేసే అబ్బాయిని పిలిపించి నేనూ పక్కనే నిలబడ్డాను.

ఆ అబ్బాయి ముందు షాక్ సెన్సార్ చూశాడు. అదురును పసిగట్టే చిన్న డబ్బా అది. మన అవుకు చుట్టూ నాపరాయి గనులు. బండల లోడుతో లారీ పోతే ఇంట్లో గిన్నెలే కదులుతాయి, ఆ డబ్బా ఊరుకుంటుందా? చాలావాటికి చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తిప్పి, ప్రతిసారీ కారును తట్టి చూడాలి. మెల్లగా తడితే ఊరుకోవాలి, గట్టిగా గుద్దితే మోగాలి.

అసలు జబ్బు ఇంకోచోట దొరికింది. బానెట్ కింద ఒక పిన్ స్విచ్ ఉంది. దుమ్ము, తుప్పు పట్టి అది సరిగా అణగడం లేదు. బానెట్ ఎవరో తెరిచారనుకుని అలారం మోగుతోంది. అదే కారణంతో రిమోట్ నొక్కినా ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు. ఎందుకంటే బానెట్ తెరిచి ఉంటే లోపల మనిషి చెయ్యి ఉండొచ్చని, స్టార్ట్ కాకుండా ఆపుతుంది. రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్క స్విచ్. చవక సామానే, మార్చేశాడు.

"పీకేస్తా" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. మనస్సాక్షి విషయంలో కూడా మనం ఆ పనే చేస్తాం. వాత పడి మొద్దుబారిన మనస్సాక్షి గురించి పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో హెచ్చరించాడు. దానికి పూర్తి వ్యతిరేకమైన బాధ కూడా నేను ఇండ్లల్లో చూస్తున్నాను. బిడ్డకు జ్వరమొస్తే, సాయంకాల ప్రార్థన తప్పినందుకు దేవుడు శిక్షించాడని ఏడ్చే తల్లులున్నారు. ప్రతి లారీకీ మోగే సెన్సార్ అది. అమ్మా, ముందు ఆసుపత్రికి పద, ప్రార్థన దోవలో చేసుకుందాం అంటాను. పుట్టు గుడ్డివాడిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే యేసుప్రభువు ఏం జవాబిచ్చాడో యోహాను సువార్త 9వ అధ్యాయంలో చదువుకోండి.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. పూర్తి చార్జ్ ఉన్న బ్యాటరీ, బండి రాత్రంతా ఆగి ఉన్నాక, 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12కు దిగితే దాదాపు ఖాళీ. నీరసించిన బ్యాటరీతో కొన్ని అలారాలు తప్పుగా మోగుతాయి, మోగినకొద్దీ అది ఇంకా నీరసిస్తుంది. దగ్గర నుంచి పనిచేసే రిమోట్ దూరం నుంచి పనిచేయకపోతే ముందు దాంట్లో బిళ్ల సెల్ మార్చండి.

గేరు మార్చే కార్లకు బయట బిగించే రిమోట్ స్టార్టర్ నాకు అస్సలు ఇష్టం లేదు. గేరులో వదిలేసిన బండి, అడ్డుకునే ఏర్పాటు లేకుండా బిగించి ఉంటే, రిమోట్ నొక్కగానే ముందుకు దూకుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కార్లలో వచ్చేవాళ్లు దయచేసి చర్చి ముందర రిమోట్ వాడకండి. పిల్లలు అక్కడే గోలీలాడుతుంటారు. లోపల కూర్చుని, న్యూట్రల్ చూసుకుని, తాళంతోనే స్టార్ట్ చేయండి.