శనివారం నా ఆఫీసు... ఎవరో కొన్న కొత్త ఫ్లాట్!

20 వేల రూపాయల ఫోన్ కొనాలంటే కనీసం పది రివ్యూలు చూస్తాం. బాక్స్ విప్పేటప్పుడు వీడియో తీస్తాం. అంచు మీద చిన్న గీత కనిపించినా వెనక్కి పంపించేస్తాం. మరి కోటి రూపాయల ఫ్లాట్ తాళాలు చేతికొచ్చే రోజున ఏం చేస్తాం? వాస్తు చూడ్డానికి సిద్ధాంతిగారిని తీసుకెళ్తాం. పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టించుకుంటాం. బాల్కనీలో సెల్ఫీ దిగి, బిల్డర్ మనిషి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేస్తాం. బాత్‌రూంలో నీళ్లు ఎటు పోతున్నాయో, ప్లగ్ పాయింట్లకు ఎర్త్ ఉందో లేదో చూసేవాళ్లు మాత్రం తక్కువ.

రెండేళ్లుగా శనివారాల్లో నేను చేసే పని అదే. ఇల్లు కొన్నవాళ్ల తరఫున వెళ్లి, వాళ్లు తాళాలు తీసుకునే ముందు ఆ ఇంటిని మూల మూలా పరీక్షించి రిపోర్టు ఇవ్వడం. దీన్ని హోమ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. మిగతా ఐదు రోజులూ రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర్లోని ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని.

సివిల్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో చేరి...

2019లో సివిల్ ఇంజినీరింగ్ పూర్తి చేశాను. మా క్లాసులో చాలామందిలాగే నాకూ వచ్చింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. సిమెంటు, ఇసుక పాళ్లు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. నాలుగేళ్లు వేరేవాళ్లు రాసిన కోడ్‌లో తప్పులు వెతికాను. ఏ తప్పు కనిపించినా ఎక్కడ వచ్చింది, ఎలా వచ్చింది, ఎంత ప్రమాదం అని మూడు ముక్కలు రాయాలి. అదే నా వృత్తి.

2023లో డాలస్ దగ్గర మా పెద్దమ్మ కూతురు ఇల్లు కొంది. టెక్సాస్‌లో కొనేవాళ్లు కొంత రుసుము కట్టి కొన్ని రోజుల గడువు తీసుకోవచ్చు. ఆ గడువులోగా ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించి చూపించుకుంటారు. నచ్చకపోతే కొనడం మానుకోవచ్చు. అక్కడ ఆ పని చేయడానికి రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి. అమెరికాలో ఇన్‌స్పెక్టర్ల సంఘం 1976లోనే మొదలైంది. అక్క ఆ రిపోర్టు వాట్సాప్‌లో పంపించింది. ఫొటో, పక్కన లోపం, దాని తీవ్రత. చూడగానే అనిపించింది, ఇది నేను రోజూ రాసే బగ్ రిపోర్టే కదా! కాకపోతే ఇక్కడ కోడ్ బదులు పైకప్పు ఉంది.

"మన దగ్గర ఇలా ఎవరు చూస్తార్రా?" అని అడిగింది అక్క. చూసేవాళ్లు కొద్దిమంది ఉన్నారు. ఈ పనికంటూ మన దగ్గర లైసెన్సు చట్టం లేదు. అంటే ఎవరైనా మొదలుపెట్టొచ్చు. అందుకే నమ్మకం సంపాదించడం కష్టం కూడా.

నాకు గురువు మా బాబాయ్. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. కూకట్‌పల్లిలో ఉంటాడు. మొదటి ఆరు నెలలు ఆయనే నాతో వచ్చాడు. ఆయన సంచిలో ఒక సన్నటి ఇనుప కడ్డీ, టార్చి, రసమట్టం, టేపు. అంతే. కడ్డీతో టైల్స్ మీద తడుతూ నడిచేవాడు. ఒకచోట టక్ టక్. ఇంకోచోట డొల్లగా డబ్ డబ్. అక్కడ టైల్ కింద సిమెంటు పూర్తిగా పట్టలేదన్నమాట. "ముందు చెవి అలవాటు చేసుకో. మిషన్లు తర్వాత కొనుక్కోవచ్చు" అనేవాడు.

కొనడం వేరు, కట్టుబడడం వేరు

ఈ పనిలోకి దిగగానే ఫోన్ నిండా పరికరాల ప్రకటనలే. లేజర్ మీటర్, తేమ మీటర్, థర్మల్ కెమెరా, పైపుల్లోకి దూర్చే సన్న కెమెరా. అన్నీ ఒకేసారి కొనేయాలనిపిస్తుంది. నేనొక నియమం పెట్టుకున్నాను. మూడు నెలలకు ఒక్క పరికరం. అది చేతికి పూర్తిగా అలవాటయ్యాకే ఇంకోటి.

మొదట లేజర్ మీటర్. బటన్ నొక్కితే గోడ నుంచి గోడకు దూరం చెప్పేస్తుంది. కానీ ఏ గోడ నుంచి కొలవాలో చట్టం తెలియాలి. బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు వదిలేసి, లోపలి అడ్డుగోడలు కలిపి లెక్కించేదే రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియా. అది తెలియకుండా కొలిస్తే చేతిలో మిగిలేది ఉత్త అంకెలే.

థర్మల్ కెమెరా ధర నా నెల జీతంలో దాదాపు సగం. అందుకే కొనేముందు నాలుగు శనివారాలు అద్దెకు తెచ్చుకున్నాను. చాలామంది అది గోడలోకి తొంగి చూస్తుందనుకుంటారు. అది చూసేది గోడ పైభాగం వేడిని మాత్రమే. తడి ఆరుతున్న చోట గోడ కొంచెం చల్లబడుతుంది, తెర మీద నీలం మచ్చ కనిపిస్తుంది. ఏసీ గాలి తగిలే చోటా నీలమే. మే నెల మధ్యాహ్నం పడమటి గోడ మాడిపోతుంటే ఆ వేడిలో చిన్న తేడాలన్నీ కలిసిపోతాయి. నున్నగా మెరిసే టైల్స్ అయితే ఎదురుగా నిలబడ్డ మనిషి ఒంటి వేడినే తిరిగి చూపిస్తాయి.

కెమెరా కొన్నాక మూడు నెలల పాటు కొండాపూర్‌లో నేను అద్దెకుండే ఫ్లాట్‌లోనే సాధన చేశాను. అదే గోడ, పొద్దున ఆరింటికి ఒక ఫొటో, రాత్రి తొమ్మిదింటికి ఒక ఫొటో. పక్కన నోట్‌బుక్‌లో ఆ రోజు ఎండ, వాన, ఏసీ వేసి ఉందా లేదా. మా రూమ్మేట్ "గోడతో పెళ్లా ఏంటి?" అని ఏడిపించేవాడు. ఆ మూడు నెలల తర్వాత ఏ నీలం మచ్చని నమ్మాలో, దేన్ని తేమ మీటర్‌తో మళ్లీ పరీక్షించాలో తెలిసింది. ఆ తేమ మీటర్ కూడా గోడల విషయంలో ఖచ్చితమైన శాతం చెప్పదు. పొడిగా ఉన్న చోట ఎంత, అనుమానం ఉన్న చోట ఎంత అని పోల్చుకోవాలి. గోడలో ఉప్పు పేరుకుంటే అది కూడా తడిలాగే చూపిస్తుంది.

62 ప్లగ్ పాయింట్లు

పోయిన వేసవిలో తెల్లాపూర్ వైపు ఒక త్రీ బీహెచ్‌కే చూశాను. భార్యాభర్తలిద్దరూ నా వయసువాళ్లే, ఇద్దరూ ఐటీ. ఏడాదిన్నర పాప. 20 ఏళ్ల లోను. వచ్చే గురువారమే గృహప్రవేశం, కార్డులు కూడా పంచేశారు. సైట్ సూపర్‌వైజర్ పొజెషన్ లెటర్ పట్టుకుని పక్కనే తిరుగుతున్నాడు. "సార్, ముందు సంతకం పెట్టేయండి, చిన్న చిన్నవి తర్వాత చేయించేద్దాం."

ఆ ఇల్లు నిజంగానే బాగుంది. గోడలు నిలువుగా ఉన్నాయి. పిల్లర్‌కీ బ్లాక్ గోడకీ మధ్య సన్నటి పగుళ్లు కనిపించాయి. అక్కడ మెష్ సరిగ్గా వేయకపోతే వచ్చేవే, ఇంటికి ప్రమాదం లేదు. మాస్టర్ బాత్‌రూంలో నీళ్లు ట్రాప్ వైపు కాకుండా తలుపు వైపు పోతున్నాయి. అదీ రాసుకున్నాను. థర్మల్ కెమెరాలో అనుమానించాల్సింది ఏమీ కనిపించలేదు.

తర్వాత సాకెట్ టెస్టర్ తీశాను. నా సంచిలో అన్నిటికన్నా చవకైన వస్తువు అది. ప్లగ్‌లో పెడితే మూడు లైట్లు. ఏవి వెలిగాయో చూసి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పొచ్చు. ఆ ఇంట్లో 62 పాయింట్లు. పది చూసేసరికే ఎవరికైనా విసుగొస్తుంది. మిగతావీ బాగానే ఉంటాయిలే అనిపిస్తుంది. ఆఫీసులో టెస్టర్‌గా నేర్చుకున్నది ఇక్కడ అక్కరకొచ్చింది. లిస్టులో ఉన్నవన్నీ చూడాల్సిందే.

చిట్టచివర కామన్ బాత్‌రూంలో గీజర్ పాయింట్. ఎర్త్ లైటు వెలగలేదు. మళ్లీ పెట్టాను. వెలగలేదు.

"ఇది చిన్న విషయం సార్" అన్నాడు సూపర్‌వైజర్. ఎందుకు చిన్నది కాదో ఆ దంపతులకు చెప్పాను. గీజర్‌లో హీటర్ పాడై బయటి లోహానికి కరెంటు పాకితే, ఎర్త్ వైరు ఉంటే ఆ కరెంటు దాని గుండా భూమిలోకి పోతుంది, మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ వెంటనే పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ గీజర్ ఏమీ తెలియనట్టు అలాగే ఉంటుంది. తడి చేతులతో ఎవరో ముట్టుకుని, కరెంటు వాళ్ల ఒంట్లోంచి పారినప్పుడే ఆర్‌సీసీబీకి తెలుస్తుంది. అది కూడా పాడై ఉంటే అదీ తెలియదు.

ఆమె పాపని చంకలోంచి దించకుండానే సూపర్‌వైజర్ వైపు తిరిగింది. "ఇది సరిచేశాకే సంతకం అండీ."

ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. ఆకుపచ్చ వైరు లోపలే ఉంది. కొస చుట్టి వదిలేశారు, బిగించలేదు. పని అరగంటలో అయిపోయింది. నేను మళ్లీ టెస్టర్ పెట్టి, లైటు వెలిగాక ఫొటో తీసి రిపోర్టులో చేర్చాను. బాత్‌రూం వాలు సరిచేయడం అంత తేలిక కాదు కాబట్టి దాన్ని బిల్డర్ చేత రాతపూర్వకంగా ఒప్పించుకున్నారు. గృహప్రవేశం అనుకున్న రోజునే జరిగింది. నన్నూ భోజనానికి పిలిచారు.

ఏఐ రాస్తుంది, సంతకం నాది

ఇప్పుడు రిపోర్టులకు ఏఐ వాడుతున్నాను. గది గదికీ తిరుగుతూ తెలుగులో మాట్లాడితే అది అక్షరాల్లోకి మారుస్తుంది. ఇంతకుముందు ఆదివారం మొత్తం పట్టే రిపోర్టు రెండు గంటల్లో అయిపోతోంది. అయితే పగులు ఫొటో ఇస్తే ఒక్కోసారి వెంట్రుకంత గీతను కూడా 'తీవ్రమైన లోపం' అనేస్తుంది. ప్లాస్టర్ ఆరినప్పుడు వచ్చే గీతకీ, కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే పగులుకీ తేడా దానికి ఫొటోలో ప్రతిసారీ దొరకదు. అందుకే తీవ్రత ఎంతో నేనే రాస్తాను. ఆ మాట నమ్మి ఒక కుటుంబం డబ్బు ఖర్చు పెడుతుంది. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది నేను.

అవకాశాలకు మాత్రం లోటు లేదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత ఖరీదైన నేల మీద లేచే టవర్లలో ఇళ్లు కొనేవాళ్లలో విదేశాల్లో ఉన్నవాళ్లూ ఉంటారు. తాళాలు తీసుకోవడానికి రాలేరు. వాళ్ల కోసం వీడియో కాల్‌లో చూపిస్తూ పరీక్షిస్తాను. ఇంకో పని కూడా ఉంది. రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం ఇల్లు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపాలు బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ ఐదేళ్లు నిండకముందే ఒకసారి ఇల్లంతా చూపించుకోవడం తెలివైన పని.

వదులుకోవాల్సిన అవకాశాలూ ఉన్నాయి. "లీకేజీ ఉన్న ఇళ్లు మాకు చెప్పు బ్రో, కమీషన్ ఇస్తాం" అని వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్లు అడుగుతుంటారు. ఒప్పుకుంటే ఒక్కో ఇంటి మీద నా ఫీజు కన్నా ఎక్కువే వస్తుంది. కానీ ఆ రోజు నుంచి ప్రతి తడి మచ్చా నాకు డబ్బులాగే కనిపిస్తుంది. అందుకే రిపేర్లు చేయను, చేసేవాళ్ల దగ్గర పైసా తీసుకోను. ఈ మాట నా రిపోర్టు మొదటి పేజీలోనే ఉంటుంది.

అమ్మకు ఇంకా బెంగే. "ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగం పెట్టుకుని గోడలు తడుముతూ తిరుగుతావేంట్రా" అంటుంది. మరోవైపు మా ఫ్లోర్‌లోనే ఖాళీ అవుతున్న కుర్చీలు చూస్తున్నాను. టెస్టింగ్ పనిలో ఏఐ ఎంత తినేస్తుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఉద్యోగం వదల్లేదు. శనివారాల పనికి కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. ఇంకో రెండేళ్లు గడువు పెట్టుకున్నాను. అప్పటికి వారానికి మూడు ఇళ్లు నిలకడగా వస్తే ఇదే నా పని. రాకపోయినా ఈ చేతులకు ఒక విద్య వచ్చినట్టే.

మీలో ఎవరైనా త్వరలో ఇంటి తాళాలు తీసుకోబోతుంటే, నన్నే పిలవక్కర్లేదు. ఒక బకెట్, ఒక చిన్న కడ్డీ, ఒక సాకెట్ టెస్టర్, ఫోన్ టార్చి తీసుకెళ్లండి. ప్రతి బాత్‌రూంలో నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. టైల్స్ తట్టండి. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే అది పడిపోతుందో లేదో చూడండి. ప్లగ్ పాయింట్లు ఎన్ని ఉన్నా, చివరిదాకా అన్నీ చూడండి. సంతకం ఆ తర్వాతే.