పాత చందమామలు

నేను వృత్తిచేత బడిపంతులను. చదివినది సంస్కృతము, దానిపైన ఆంగ్లము. సెలవు దినములందు మాత్రము పాతకాగితముల కొట్ల వెంట తిరుగువాడను. మా గుంటూరు, ప్రకాశము సీమలలో ఇద్దరు కలిసికొన్నచో పత్తిధర యెంత, మిరపధర యెంత అని అడుగుకొందురు. నేను కాటా ముందు కూర్చున్న కొట్టువానిని "చందమామ లేమైన వచ్చినవా?" అని అడుగుదును. ఇరువదియేండ్ల నుండి అడుగుచున్నాను గనుక నా మొగము కనబడినంతనే ధర రెట్టింపగును. ఈ వ్యసనమును సాహిత్యసేవ యని మా యింటివారికి చెప్పుచు వచ్చితిని. వారు నమ్మలేదు. వారు నమ్మకపోవుటయే సబబని తేలిన వృత్తాంత మొకటి పాఠకులకు విన్నవించుకొనవలసి యున్నది.

చందమామ యన నేమో తెలియనివారు మనలో లేరు గాని, మా ప్రాంతమునకు దానితో గల చుట్టరికము కొందరికి తెలియకపోవచ్చును. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసునందు దానిని తెలుగునను తమిళమునను ప్రారంభించిరి. చక్రపాణిగారిది తెనాలిలోని ఐతానగరము. 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు ఆ కథల భాషను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారిదియు తెనాలియే. మా యిండ్లలో ముసలివారు కథ చెప్పు తెలుగే ఆ పుటలలో ఏ యాడంబరమును లేక నడచినది. ఇట్టి వ్యాసములు వ్రాయువారు దానిని చూచి కొంత సిగ్గుపడవలెను. అట్టమీద వడ్డాది పాపయ్యగారి రంగులు, లోపల శంకర్ గారి బేతాళుడు, చివరను ఫోటో వ్యాఖ్యల పోటీ. ఈ చివరిదానిని పాఠకులు జ్ఞాపక ముంచుకొన గోరెదను. రెండు ఫోటోలను వేసి, రెంటికిని పొందిక కుదురునట్లు చెరియొక చిన్న వ్యాఖ్య వ్రాసి కార్డుమీద పంపుమనుచుండిరి. గెలిచినవారి పేరును ఊరును తరువాత అచ్చువేయుచుండిరి. తన పేరు అచ్చులో చూచుకొనవలెనను కోరిక పల్లెటూరి పిల్లలకు పెక్కుమందికి మొదట అక్కడనే పుట్టినది.

పత్రిక 1998లో ఆగి, మరుసటి యేటి చివర మరల లేచి, 2007లో చేతులు మారి, 2013 నాటికి ముగిసిపోయెను. ఒకప్పుడు శనగపప్పు పొట్లములకు పోవుచుండిన పాత సంచికలకు క్రమముగా గిరాకి పెరిగెను. విజయవాడ లెనిన్ సెంటరులోను, హైదరాబాదు ఆబిడ్సు ఆదివారపు బజారులోను వానిని వేరుగా కట్టలు కట్టి లోపలి వరుసలో దాచుట నేనెరుగుదును. తరువాత బేరములు వాట్సాపులోనికి ఎక్కినవి. అక్కడ ఒక క్రొత్త పరిభాష పుట్టినది. అట్ట యున్నదా, నడిమి పుట ఊడినదా, పిన్నులు తుప్పుపట్టినవా, గీతలున్నవా? గీతలు లేనిదాని కొక ధర, ఉన్నదానికి అందులో సగము.

ఈ మర్యాద అమెరికానుండి వచ్చినది. అక్కడ 1938 జూన్ నెల తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ తొలుదొలుత కనబడెను. నాటి వెల పది సెంట్లు. దాని ప్రతి యొకటి 2024 ఏప్రిలులో అరువది లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. బొమ్మల కథల పుస్తకములను పరీక్షించి, పదింటికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్కు పెట్టెలో మూసి యిచ్చు సంస్థలే అక్కడ నున్నవి. మూసిన పిమ్మట తెరచినచో ఆ మార్కులు చెల్లవు. పరీక్షాపత్రములు దిద్దువాడను గనుక ఈ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినదని ఒప్పుకొందును. ఇందొక విచిత్రము కలదు. ఆ సంచిక నేడింత అరుదగుటకు కారణమేమి? తక్కిన ప్రతులను పిల్లలు చదివి చింపిరి, తల్లులు పారవేసిరి, యుద్ధకాలమున పాతకాగితము పోగుచేయువారికి ఇచ్చివేసిరి. చదివి పాడుచేసినవారి పుణ్యమున చదువని ప్రతికి వెల వచ్చినది.

ఇక నా కథ. మూడేండ్ల క్రిందట మార్చి నెలలో, చిలకలూరిపేటకు కొంత దూరమున నల్లరేగడి పొలముల నడుమ నున్న యొక గ్రామమునుండి మా బడికి వచ్చు విద్యార్థి, "మాస్టారూ, మా తాతమ్మ ఇంట్లో పెట్టెడు చందమామలున్నాయండి. ఇల్లు పడగొడుతున్నారు. రేపు పాతపేపర్లవాడికి వేసేస్తారంట" అని చెప్పెను. మరునాడు ఆదివారము. నేను పోవుసరికి కల్లములలో మిరపకాయలు ఆరబోసియుండెను. వాకిట కాగితములవాడు తక్కెడ సవరించుకొనుచుండెను. తొమ్మిది సంపుటములు. 1968 మొదలు 1976 వరకు, ఏడాదికొకటి. మైదాపిండి జిగురుతో అట్టలు వేసి, వీపున పాత పంచెగుడ్డ అంటించి, ఇంటివారెవరో ఓపికతో కుట్టినవి. మిరప బస్తాల గదిలో ఉండుటచే ప్రతి పుటయందును ఆ ధూళి. తెరచినవాడు తుమ్మవలసినదే. పురుగు మాత్రము ముట్టలేదు.

కాగితములవాడు కిలోకు పదునైదు రూపాయలనెను. తూగినవి పదునొకండు కిలోలు. నేను ఆ యింటి యువకుని చేతిలో ఐదువందలు పెట్టితిని. మూడింతలిచ్చితినని యాతడు సంతోషించి నాకు మజ్జిగ యిచ్చెను. ఒక్కొక్క సంపుటము రెండువేలకు తక్కువ పోదని నాకు తెలియును, ఆతనికి తెలియదు. నేను కొన్నది ఆ తెలియనితనమును. ముసలమ్మ కంటి శుక్లములకు శస్త్రము చేయించుకొని ఒంగోలులో కూతురియింట నున్నదని చెప్పిరి. పుస్తకములు ఆమెవి గదా, ఆమెను అడుగవలె నని నాకు తోచలేదనుట అబద్ధము. తోచినది. బేరము చెడునని ఊరకుంటిని.

ఇంటికి వచ్చి తెరచి చూచితిని. నెలనెలా ఫోటో వ్యాఖ్యల పుటలో, బొమ్మల క్రింద, పెన్సిలుతో ఒక పిల్లవాడు తన వ్యాఖ్యలు వ్రాసుకొనియున్నాడు. ఒకటి వ్రాసి కొట్టివేసి, మరియొకటి వ్రాసి, చివరకు కుదిరినదాని క్రింద గీత గీచినాడు. 1968లో అక్షరములు గుండ్రముగా పెద్దవిగా ఉన్నవి. 1976 నాటికి చిక్కబడి వాలినవి. తొమ్మిదేండ్ల పొడుగున ఒక్క నెలయు మానలేదు. అచ్చైన విజేతల పేర్లలో ఆతని పేరు ఎచ్చటను లేదు.

సంస్కృతము చదువుకొన్నవానికి మొదట నేర్పునది ప్రతిని గౌరవించుట. తాళపత్రము వ్రాసిన లేఖకుడు చివరను, నూనెనుండి, నీటినుండి, వదులుగా కట్టిన త్రాటినుండి దీనిని కాపాడుడని చదువరిని వేడుకొనును. అంచున ఎవరో వ్రాసిన చిన్న పాఠాంతరము కొరకు పండితులు ఊళ్లు తిరిగినారు. విద్యార్థిగా నుండగా, 1918లో నెలకొన్న వేటపాలెము సారస్వత నికేతనమున పాత పత్రికలు తిరగవేయుచు, అంచులలో పూర్వపు చదువరులు పెన్సిలుతో చేసిన ఆక్షేపణలు చూచి నవ్వుకొన్న దినములు నాకు జ్ఞాపకమున్నవి. ఇంత తెలిసిన నేను గుంటూరులో మంచి రబ్బరు నొకదానిని కొని తెచ్చి, నెలదినముల పాటు సాయంకాలములందు కూర్చుండి, ఆ పిల్లవాని వ్రాతను తుడిచితిని. గీతలు లేనిదానికి గదా ధర! "ఎవరి పిల్లాడిదో ఆ రాత చెరిపి మీరేం బావుకుంటారండీ?" అని మా యింటియామె అడిగెను. కాగితము నలగకుండ తుడుచుట ఒక విద్య యని ఆమెకు బోధించితిని.

ఆరు సంపుటములు శుభ్రపడినవి. హైదరాబాదులోని యొక సేకర్త వానిని ఒక్కొక్కటి మూడువేల వంతున కొనెను. ఆ పదునెనిమిది వేలతో నేను 1954 నాటి, తోకచుక్క సీరియలు వచ్చిన సంచికలు కొన్ని సంపాదించి పొంగిపోయితిని. మిగిలిన మూడును నీటి మరకలు గలవి. వానికి ధర రాదు గనుక తుడువలేదు.

జూన్ నెలలో బడి తెరచినంతనే విద్యార్థి వచ్చి, "తాతమ్మ మిమ్మల్నొకసారి రమ్మంది మాస్టారూ" అనెను. ధర సంగతి తెలిసిపోయినదనుకొని, ఐదువేలు కవరులో పెట్టుకొని పోయితిని. ఆమె వేపచెట్టు క్రింద నులకమంచముమీద, నల్ల కళ్లజోడుతో కూర్చుండియుండెను. ధర మాటయే యెత్తలేదు.

"మా పిల్లోడి పుస్తకాలు మీ దగ్గరున్నాయంట గదా నాయనా. నాకు చదువు రాదు. పదేళ్లనించి కళ్లకు పొరలు. ఇప్పుడు బాగా కనపడుతున్నాయి. వాడు రాసినయి ఒకసారి చూద్దామని పిలిపించా."

ఆ కుమారుడు 1988లో పోయెనని విద్యార్థి దారిలో చెప్పియుండెను. "పత్తి పోయిన సంవత్సరం" అని మాత్రము ఆమె యనెను. 1987-88లో మా రెండు జిల్లాలలో పత్తిని తెల్లదోమ పట్టినది. మందులు కొట్టినకొలది దోమ పెరిగినది, అప్పు పెరిగినది. ఆ యేట ఆ మందే త్రాగి పోయిన రైతులు పలువురు. ఆతడు వారిలో ఒకడు, వయస్సు ఇరువదియెనిమిది.

నా జేబులోని కవరు జేబులోనే యుండెను. "బైండింగుకిచ్చానమ్మా, తెచ్చి చూపిస్తాను" అంటిని. బడిలో అబద్ధమాడిన పిల్లలను బెంచీ యెక్కించువాడను.

ఆ రాత్రియే హైదరాబాదు సేకర్తకు వ్రాసి, డబ్బు తిరిగి యిత్తును, పుస్తకములిమ్మంటిని. ఆయన చెడ్డవాడు కాడు. కాని కొన్నది కొన్నదే యనెను. నేను పదేపదే బతిమాలగా, మూసిపెట్టిన కవర్లు విప్పి, నేను చెప్పినట్లు దీపమును ప్రక్కనుండి ఏటవాలుగా పట్టి, డెబ్బదిరెండు పుటలకును ఫోటోలు తీసి పంపెను. రబ్బరు సీసపు నలుపును తీయును గాని, పెన్సిలు నొక్కిన పల్లమును తీయలేదు. ఏటవాలు వెలుగులో ఆ పల్లములు సన్నని నీడలుగా కనబడినవి. శిథిలమైన వ్రాతప్రతులు చదువుటకు నాకు నేర్పిన విద్యయంతయు, నేనే శిథిలము చేసినదానిపై వినియోగింపవలసివచ్చెను. రెండు నెలలు పట్టినది. ముప్పదియొక్క వ్యాఖ్యలు చదువగలిగితిని. తక్కినవి పోయినవి.

ఆ పని చేయుచున్నప్పుడే నాకు తట్టిన దేమనగా, 1947 మొదలు చందమామ సంచికలను అభిమానులు స్కాను చేసి భద్రపరచియున్నారు. బేతాళకథ కావలసినవాడు ఫోనులో చదువుకొనవచ్చును. కథ కొరకు ఆ యారు సంపుటములు ఎవరికిని అక్కరలేదు. మరి యే ప్రతిలోను లేక వానిలో మాత్రమే యున్నది ఆ పెన్సిలువ్రాత యొక్కటే. నేను సరుకును తీసివేసి సంచిని మూడువేలకు అమ్మితిని, ఆయన కొనెను, ఇరువురమును మంచి బేరమనుకొంటిమి.

మూడు సంపుటములను, నా నోటుబుక్కును తీసికొని మరల పోయితిని. ఈసారి జరిగినది జరిగినట్లు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు.

"రబ్బరెట్టి తుడిచారా?" అనెను. తరువాత, "వాడూ అంతే. తెగ తుడిచేవోడు. నచ్చిందాకా తుడిచి రాసేవోడు" అనెను.

మిగిలిన సంపుటములు తెరచి ఆమె ముందుంచితిని. అక్షరములమీద వ్రేలు పెట్టి, ఎడమనుండి కుడికి, చదువువానివలెనే మెల్లగా జరుపుచుండెను. నేను నోటుబుక్కులోనివి చదివి వినిపించితిని. 1974లోని దొకటి: మొదటి ఫోటోలో ఏనుగునెక్కిన పిల్లలు, రెండవదానిలో మూటలు మోయు గాడిద. "ఎక్కినవాడికి షికారు" అని మొదటిదాని క్రింద. రెండవదానిలో ఒక అక్షరము మిక్కిలి చెడియుండెను. గాడిద సంతకు పోవుచున్నది గదాయని, అర్థము సరిపోవుటచే, నిశ్చయించి వ్రాసికొంటిని.

"మోసేవాడికి బజారు" అని చదివితిని.

"బజారు గాదయ్యా" అనెను ఆమె, పుస్తకమునుండి తల యెత్తకయే. "బేజారు. ఎక్కినవాడికి షికారు, మోసేవాడికి బేజారు. ఆ కార్డు నేనే పోస్టుడబ్బాలో వేసొచ్చా."

జేబులోనుండి పెన్సిలు తీసి, దిద్దుకొంటిని.