చదువు సరే... సాయంత్రం సంగతేంటి?

పీజీకి ఏ ఊరెళ్లాలన్న మాట రాగానే ఇంట్లో మూడు లెక్కలు మొదలవుతాయి. యూనివర్సిటీకి పేరుందా? ఫీజెంత? చదువయ్యాక ఉద్యోగమొస్తుందా? నాలుగో లెక్క ఇంకోటుంది. అది పిల్లల మనసులోనే ఉండిపోతుంది. అక్కడ నా డాన్సు సాగుతుందా, నాటకాలు వేయగలనా, పొద్దున్నే పరుగెత్తడానికి చోటుంటుందా... ఇవి పైకి అడిగితే 'చదువుకోవడానికి వెళ్తున్నావా, షికారుకా' అంటూ అక్షింతలు తప్పవు! కానీ ఇరవై రెండేళ్ల వయసులో రెండేళ్లపాటు మూలన పెట్టిన వీణ మళ్లీ చేతికి రావడం కష్టం. చదువు తర్వాత ఉద్యోగం, ఆపైన పెళ్లి, పిల్లలు... ఇక తీరికెక్కడ? అందుకే ఆ నాలుగో లెక్కనూ తీసిపారేయడానికి లేదు.

ఆ లెక్క ఎలా వేయాలో చూడటానికి హైదరాబాద్‌లోని శ్రీనగర్ కాలనీకి మించిన చోటు లేదు.

గేటు బయట సినిమా

ఓ పక్క పంజాగుట్ట, ఇంకో పక్క అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు. కాస్త పైకెళ్తే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్. పక్కనే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర పొద్దున్నే నిలబడితే చాలు... జూనియర్ ఆర్టిస్టులు, అవకాశం కోసం తిరిగే సహాయ దర్శకులు కనిపిస్తారు. అక్కినేని నాగేశ్వరరావు కట్టించిన అన్నపూర్ణ స్టూడియోస్ దగ్గర్లోనే ఉంది. సినిమా పిచ్చి ఉన్న కుర్రాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. స్టూడియో పక్కన గది దొరికినంత మాత్రాన స్టూడియో గేటు తెరుచుకోదు. నేర్చుకోవాలంటే అన్నపూర్ణ ఆవరణలో 2011లో మొదలైన ఫిల్మ్ స్కూల్లాంటి చోట సీటు కావాలి. సీటు లేకపోతే సినిమా ఇల్లు పక్కనే ఉన్నా మనం వీధిలో ఉన్నట్టే.

మరి ఈ చుట్టుపక్కల ఎవరైనా వెళ్లగలిగేవేంటి? బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు దగ్గరి లామకాన్ ఒకటి. 2010లో తలుపులు తెరిచిన ఈ పాత ఇంట్లో నాటకాలు, పాటలు, సినిమా ప్రదర్శనలు, చర్చలు జరుగుతుంటాయి. టీ, సమోసా తింటూ గంటలు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. నడకకూ పరుగుకూ కేబీఆర్ పార్కు ఉంది. కాలనీలోనే ఉన్న సత్యసాయి నిగమాగమంలో ఏదో ఒక కార్యక్రమం నడుస్తుంటుంది. ఊరికి పేరు తెచ్చేది స్టూడియోలే. విద్యార్థికి అక్కరకొచ్చేవి మాత్రం ఇలాంటి చోట్లు!

ఒక రైలు... రెండు చదువులు

శ్రీనగర్ కాలనీకి దగ్గర్లోని మధురానగర్, యూసుఫ్‌గూడ స్టేషన్లు మెట్రో నీలం లైనులో ఉన్నాయి. తూర్పు వైపు రైలెక్కితే తార్నాక... ఉస్మానియా, ఇఫ్లూ అక్కడికి దగ్గర. పడమటికి వెళ్తే రాయదుర్గం. 2019 నవంబరులో అక్కడిదాకా మెట్రో వచ్చింది. అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకుంటే గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీ. అమీర్‌పేటలో రైలు మారితే లక్డీకాపూల్‌లో దిగి రవీంద్రభారతికి నడిచి వెళ్లొచ్చు.

1974లో ఏర్పడ్డ హైదరాబాద్ యూనివర్సిటీది రెండు వేల ఎకరాలకు పైబడిన ఆవరణ. బండరాళ్లు, చెరువులు, పక్షులు... కెమెరా పట్టుకునేవాళ్లకూ సైకిలు తొక్కేవాళ్లకూ హాస్టలు గుమ్మంలోనే పండగ. నాటకం, నృత్యం చదువుకోవాలంటే అక్కడే సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. అదే విద్యార్థికి వారానికి రెండుసార్లు లక్డీకాపూల్‌లో నాటకం చూడాలనుంటే? ఆట ముగిశాక ఆఖరి రైలు అందాలి, గచ్చిబౌలి దాకా పోవాలి. నెల తిరిగేసరికి సరదా తీరిపోతుంది. పోనీ శ్రీనగర్ కాలనీలోనే గది తీసుకుందామంటే అద్దె భయపెడుతుంది, రోజూ క్లాసుకు రానూపోనూ ప్రయాణం సరేసరి. ఊరు ఒక్కటే అయినా, ఉండే వీధిని బట్టి సాయంత్రం మారిపోతుంది.

ఊరు మారితే...

సముద్రం కావాలంటే విశాఖ ఉంది. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ నుంచి తీరం ఎంతో దూరం లేదు. కర్ణాటక సంగీతమంటే ప్రాణమా? డిసెంబరు కచేరీల చెన్నైకి సాటి లేదు. పాత సినిమాలూ కొండలెక్కడమూ రెండూ ఇష్టమైతే పుణె. ప్రభాత్ స్టూడియో స్థలంలో 1960లో మొదలైన ఫిల్మ్ ఇనిస్టిట్యూట్, 1964 నుంచి ఉన్న ఫిల్మ్ ఆర్కైవ్స్ అక్కడే. ఊరు దాటితే సహ్యాద్రి.

అమెరికా వెళ్లేవారికి ఇంకో మెలిక. చదువుకునే వీసా మీద వెళ్లినవాళ్లు సెమిస్టరు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. క్లాసులు, ఆ పని, వంట పోను మిగిలేదే మన సమయం. కారు లేనిదే కదలలేని ఊరైతే చుట్టూ ఎన్ని అందాలున్నా కాలెండరు బొమ్మలే. ఉత్తరాది చలి ఊళ్లలోనైతే మైదానాలు నెలల తరబడి మంచు కిందే.

మంగళవారం పరీక్ష

ఊరిని ఆదివారంతో అంచనా వేయొద్దు. ఆదివారం ఏ ఊరైనా బాగుంటుంది. మంగళవారం సాయంత్రం ఆరింటికి, సొంత బండి లేకుండా, జేబులో వంద రూపాయలతో ఏం చేయగలరో చూడండి. అరగంటలో చేరగలరా? కొత్తవాళ్లను రానిస్తారా? తిరిగొచ్చేందుకు బస్సో రైలో దొరుకుతుందా? తోడెవరైనా ఉంటారా? నాలుగింటికీ 'అవును' అంటే మీ సరదా బతికినట్టే.

కోర్సు, పాఠం చెప్పేవాళ్లు, ఫీజు... ఇవే ముందు. అందులో రెండో మాట లేదు. ఆ మూడూ సరిపోయిన ఊళ్లు రెండు మిగిలితే మాత్రం ఈ పరీక్ష పెట్టండి. ఇంటర్నెట్‌లో 'చూడాల్సిన పది ప్రదేశాలు' వెతికే బదులు అక్కడ రెండో ఏడాది చదువుతున్న సీనియర్‌కి ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి... 'అన్నా, పోయిన మంగళవారం సాయంత్రం ఏం చేశావ్?'

ఆయన టక్కున చెప్పేస్తే పెట్టె సర్దుకోవచ్చు. తడుముకుంటే మాత్రం... రెండో ఊరి సీనియర్ నంబరు వెతకండి!